బెంచీ మీద కండువా

ఎల్లారెడ్డిలో ఇకమీదట ప్రజలు కూర్చోవచ్చునని రాష్ట్ర వీధి వికాస మండలి జిల్లా కన్వీనర్ రాజ్‌కుమార్ గారు ప్రకటించారు. కామారెడ్డిలో ప్రెస్ మీట్ పెట్టి, పూలదండ వేయించుకుని మరీ ప్రకటించారు. అంతకుముందు కూడా మా ఊళ్లో జనం కూర్చునేవారు. కానీ ఎవరి అనుమతీ లేకుండా, ఎవరి ఫొటో కిందా కాకుండా, కాళ్లు నొప్పి పుట్టినప్పుడల్లా కూర్చునేవారు. దాన్ని అభివృద్ధి అనడానికి లేదు.

ఆ ప్రెస్ మీట్‌కు ఫ్లెక్సీ వేసింది నేనే. ఎల్లారెడ్డి బస్టాండు రోడ్డులో ముస్తకీమ్ డిజిటల్స్ నాది. ఫ్లెక్సీలు వేస్తాను, తీరిక దొరికితే ఒక జిల్లా పత్రికకు వార్తలు పంపుతాను. రెండు పనులకూ పెద్ద తేడా లేదు. ఫ్లెక్సీలో నాయకుడి ఫొటో పెద్దగా ఉండాలి, వార్తలో పేరు పెద్దగా ఉండాలి. రాజ్‌కుమార్ గారి ఘనతను దగ్గర నుంచి చూసే భాగ్యం నాకు అలా దక్కింది. చూసింది చూసినట్టు పాఠకులకు మనవి చేస్తున్నాను.

రాజ్‌కుమార్ గారి ఫోనులో ఒక ఫొటో ఉండేది. ఏదో దేశంలో ఏదో ఊళ్లో, రోడ్డు పక్కన కార్లు నిలిపే చోట, ఒక్క రోజుకని కార్లు తీసేసి పచ్చ తివాచీ పరిచారు. బెంచీ వేశారు, పూలకుండీలు పెట్టారు. జనం కూర్చుని ఏదో తింటున్నారు. ఒక ముసలావిడ పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఆ ఫొటోను ఆయన నాకు ఎన్నిసార్లు చూపించారో లెక్కలేదు.

"గీ అవ్వ నవ్వు చూసినవా ముస్తకీమ్ భాయ్? మన ఎల్లారెడ్డిల ఒక్కలన్న గిట్ల నవ్వుతరా?"

నేను నిజాయితీగా ఆలోచించాను. మావాళ్లు నవ్వరని కాదు. ఆయన వచ్చి వెళ్లిన తర్వాత చాలాసేపు నవ్వుతారు. కానీ అప్పుడు ఆయన ఉండరు కాబట్టి చూసే అవకాశం లేదు.

పథకానికి 'పార్క్‌లెట్' అని పేరు పెట్టింది ప్రాజెక్ట్ ఆఫీసర్ సుధారాణి మేడం. మేడం ఈ జిల్లాకు కొత్త. చదువుకున్న మనిషి, ఏ మాట చెప్పినా నోట్ చేసుకుంటారు. నేను ఫ్లెక్సీ కట్టిన రోజే డోంగ్లి వైపు నుంచి ఎవరో నా దుకాణానికి ఫోన్ చేశారు. "పార్కు టు-లెట్ ఉన్నదట గద భాయ్. కిరాయి ఎంత? అడ్వాన్స్ ఇయ్యాల్నా?" అని అడిగారు. ఆ సంగతి మేడంకు చెప్పాను. 'సరిహద్దు మండలాల నుంచి కూడా విశేష స్పందన' అని ఆమె రాసుకున్నారు.

తర్వాత కామారెడ్డిలో సమీక్షా సమావేశం జరిగింది. వేదిక వెనక ఫ్లెక్సీ కట్టడానికి వెళ్లి, జీడిపప్పు ప్లేటు వచ్చే వరుసలో నేనూ కూర్చున్నాను. అక్కడే మొదటి చిక్కు బయటపడింది.

"సార్, గైడ్‌లైన్స్ ప్రకారం పార్కింగ్ స్థలాన్ని తాత్కాలికంగా ప్రజలు కూర్చునే స్థలంగా మార్చాలి" అన్నారు మేడం.

"మార్చుండ్రి" అన్నారు రాజ్‌కుమార్ గారు.

"ఎల్లారెడ్డిలో పార్కింగ్ స్థలమే లేదు సార్."

"మరి బండ్లు ఏడ పెడ్తున్నరు?"

"ఎక్కడ ఆగితే అక్కడే సార్."

"బస్టాండు కాడ, నాగిరెడ్డిపేట బస్సు ఆగే తాన, రోడ్డు పక్కకు గింత జాగ ఉన్నది గద?"

"అక్కడ జనం కూర్చుంటారు సార్."

పథకం పుట్టకముందే పోయేలా ఉంది. రాజ్‌కుమార్ గారు గ్లాసెడు నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, తాను నాయకుడు ఎందుకయ్యారో అందరికీ అర్థమయ్యేలా చెప్పారు.

"అయితే ముందుగాల జనాలను లేపుండ్రి. గీతలు గీసి పార్కింగ్ చెయ్యుండ్రి. పార్కింగ్ అయినంక, దాన్ని జనాలు కూసునే జాగ చేద్దాం."

చప్పట్లు చాలాసేపు మోగాయి. నేనూ కొట్టాను. మేడం మాత్రం పెన్ను మూత పెట్టి, ఒక క్షణం ఆగి, మళ్లీ తీసి రాసుకున్నారు.

ఆ జాగ గురించి రెండు మాటలు చెప్పాలి. కాగితాల్లో ఎవరిదో గానీ, ఊళ్లో దాన్ని సాలవ్వ జాగ అంటారు. నా దుకాణానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అక్కడ సాలవ్వ పొయ్యి పెట్టుకుని జొన్న రొట్టెలు చేసి అమ్ముతుంది. పక్కన ఒక నులక మంచం, కూర్చోవడానికి రెండు చెట్టు మొద్దులు, మూత పెట్టిన నీళ్ల కుండ ఉంటాయి. రొట్టె కొన్నా కొనకపోయినా బస్సు కోసం వచ్చినవాళ్లు అక్కడే కూర్చుంటారు, పక్కవాళ్ల ఇంటి సంగతులు అడుగుతారు, నీళ్లు తాగుతారు. బస్సు ఆగే చోటు కాబట్టే ఆమె రొట్టె అమ్ముడవుతుంది. మగడు పోయినప్పటి నుంచి ఆమె ఇల్లు ఆ పొయ్యి మీదే నడుస్తోంది.

మా వైపు బస్సుల సంగతి తెలియనివారికి ఇంకో మాట కూడా చెప్పాలి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద దస్తీ, అంటే చేతిరుమాలు, వేస్తాం. దస్తీ లేనివాళ్లు తువ్వాల వేస్తారు, సంచి పెడతారు. దస్తీ పడిందంటే సీటు వాళ్లదే, మనిషి తాపీగా ఎక్కవచ్చు. పొలం గట్టు దగ్గర తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు కూడా ఒకరి దస్తీ ఒకరు తీయరు. ముసలివాళ్లు పరుగెత్తలేరు కాబట్టి వాళ్ల కోసం సాలవ్వే పిండి చేతులతో లేచి దస్తీ వేసి వస్తుంది. నాగిరెడ్డిపేట నుంచి షుగర్ గోళీల కోసం వచ్చే పోచన్న బాపు తిరుగు బస్సులో కూర్చుని ఇంటికి పోయేది ఆమె దయ వల్లే.

సమీక్ష అయిన రెండో రోజు హోంగార్డు డేవిడ్ వచ్చాడు. వెనక సున్నం బకెట్టుతో ఇద్దరు మనుషులున్నారు. డేవిడ్ మంచివాడు. రోజూ సాలవ్వ దగ్గరే తింటాడు. అందుకే కొంచెం దూరంగా నిలబడి మాట్లాడాడు.

"అవ్వా, లేవాలె. గిది పార్కింగ్ అయితున్నది."

"గీడ ఎవలు పెడ్తరు కొడుకా బండ్లు?"

"ఎవలు పెట్టరు."

"మరి పార్కింగ్ ఎందుకు?"

"పార్కింగ్ అయినంకనే గద, జనాలు కూసునే జాగ అయితది."

సాలవ్వ మంచం మీదున్న పోచన్న బాపును చూసింది. మొద్దు మీద కూర్చుని పిల్లకు పాలిస్తున్న తల్లిని చూసింది.

"గిప్పుడు కూసున్నరు గదరా?"

"గిది లెక్కల రాదవ్వా" అన్నాడు డేవిడ్, నేల చూపులు చూస్తూ.

సాలవ్వ నా దుకాణం మెట్ల దగ్గరికి వచ్చింది. "ముస్తకీమ్ బిడ్డా, నువ్వు సదువుకున్నోనివి. నా జాగ మల్ల నాకు వస్తదా?"

మా గోడకు ఆరేసిన కొత్త ఫ్లెక్సీ చదివి చెప్పాను. "'ఈ స్థలం ప్రజలది' అని ఉన్నదవ్వా."

"ప్రజలల్ల నేను ఉంటనా?"

ఆ వివరం ఫ్లెక్సీలో లేదు. ఆర్డర్ ఇచ్చినవాళ్లు రాసి ఇవ్వలేదు. ఆమె పొయ్యి ఎత్తుకుని నా దుకాణం వెనక, ట్రాన్స్‌ఫార్మర్ పక్కకు పోయింది. అక్కడ నుంచి ఆమెకు బస్సు కనపడదు, బస్సు దిగినవాళ్లకు ఆమె కనపడదు. ఆ వారమంతా రొట్టెలు మిగిలిపోయాయి. మిగిలినవి మా ఇంటికి పంపేది. తినడానికి సిగ్గేసేది గానీ, రొట్టెలు మాత్రం బాగుండేవి.

తెల్ల గీతలు గీశారు. పార్కింగ్ బోర్డు పెట్టారు. ఒక్క బండీ రాలేదు. గీత గీశారంటే చలానా ఉంటుందని మావాళ్ల నమ్మకం. ఆ గీతలు తప్పించి నడిరోడ్డు మీదే బండ్లు ఆపుకున్నారు. కానీ గైడ్‌లైన్స్ ప్రకారం 'ముందు', 'తర్వాత' అని రెండు ఫొటోలు కావాలి. 'ముందు' ఫొటోలో వాహనాలు కిక్కిరిసి ఉండాలి. కామారెడ్డి నుంచి రాజ్‌కుమార్ గారి అనుచరుల కార్లు రప్పించి గీతల మధ్య నింపాం. ఆ పూట ట్రాఫిక్ ఆగిపోయి, నాగిరెడ్డిపేట బస్సు పెద్ద చెరువు దాకా వెనక్కి పోవాల్సి వచ్చింది. ఫొటో చాలా బాగా వచ్చింది. పార్కింగ్ సమస్య ఇంత తీవ్రంగా ఉందని మాకెవరికీ అప్పటిదాకా తెలియదు.

ప్రారంభోత్సవం బతుకమ్మ పండుగకు కొంచెం ముందు జరిగింది. టెంట్‌హౌస్ నుంచి పచ్చ తివాచీ, ప్లాస్టిక్ మొక్కల కుండీలు వచ్చాయి. ముగ్గురు కూర్చునే ఇనుప బెంచీ మండలి తరఫున వచ్చింది. ఇదంతా తాత్కాలికం, సాయంత్రానికి తీసేయాలి. తొక్కిసలాట జరుగుతుందని జనాన్ని తాడుకు అవతల నిలబెట్టారు. వాళ్లలో సాలవ్వ కూడా ఉంది, సభ అయ్యాక తన జాగలో వేసుకుందామని చేతిలో పీటతో.

రాజ్‌కుమార్ గారు బెంచీ మధ్యలో కూర్చుని మైకు అందుకున్నారు.

"అన్నలారా, అవ్వలారా! గిన్నేండ్ల సంది మిమ్ములను కూసోమని అన్న నాయకుడున్నడా? ఇయాల నేను కూసున్న. నేను కూసున్ననంటే మీరందరు కూసున్నట్టే!"

నిలబడి ఉన్న జనం చప్పట్లు కొట్టారు. ఎండ మండిపోతోంది. ఆయన మెడలోని పార్టీ కండువా తీసి ముఖం తుడుచుకున్నారు. కండువా రంగు రాయను. రాస్తే నాకు సగం ఆర్డర్లు పోతాయి. ఫొటో కోసం లేస్తూ దాన్ని బెంచీ మీద పెట్టారు. అంతలో హైదరాబాద్‌లోని పార్టీ పెద్ద నుంచి ఫోన్ వచ్చింది. "అన్న పిలుస్తుండు" అంటూ ఆయన కారెక్కారు. వెనక కార్లన్నీ వెళ్లిపోయాయి. దుమ్ము అణిగేసరికి తివాచీ, బెంచీ, బెంచీ మీద కండువా మిగిలాయి.

డేవిడ్ తాడు విప్పాడు. పోచన్న బాపు మోకాళ్లు పట్టుకుంటూ బెంచీ దాకా నడిచి వచ్చి, టక్కున ఆగిపోయాడు.

"ఏమైంది బాపూ, కూసో" అన్నాను.

"ఎట్ల కూసోవాలె? దస్తీ ఉన్నది గద."

నిజమే. అందరూ కండువా వైపు చూశారు. నాయకుడి దస్తీ పక్కనున్న చోట కూడా ఒక్కరూ కూర్చోలేదు. బెంచీ చుట్టూ వలయంగా నిలబడ్డారు. అప్పటికి టీ తాగి వచ్చిన సుధారాణి మేడంకు ఇది అర్థం కాలేదు.

"ఎందుకు నిలబడ్డారు? కూర్చోండి. మీ కోసమే కదా ఇదంతా."

"సీటు అయిపోయింది మేడం" అన్నాడు డేవిడ్.

"ఎవరున్నారు అందులో?"

"రాజ్‌కుమార్ సార్."

"ఆయన వెళ్లిపోయారు కదా?"

"కండువ ఉన్నది మేడం. వస్తడు."

మేడం విసుక్కుంటూ తానే కండువా తీయబోయారు. విలేకరిగా నా బాధ్యత నాకు గుర్తొచ్చి కెమెరా ఎత్తాను. "మేడం, 'కన్వీనర్ గారి సీటు నుంచి కండువా తొలగించిన అధికారి' అని పెడితే సరిపోతుందా, లేక మీ పేరు కూడా రాయమంటారా?" అని వినయంగా అడిగాను. ఆమె చేయి గాల్లోనే తిరిగి వెళ్లి కళ్లద్దాలు సర్దుకుంది. ఈ ఉద్యోగంలో ఆమె పైకి వస్తారని నాకు అప్పుడే అనిపించింది.

సాయంత్రం టెంట్‌హౌస్ వాళ్లు వచ్చి తివాచీ, కుండీలు తీసుకుపోయారు. బెంచీ ఎత్తడానికి వచ్చిన కూలీలు కండువా చూసి చేతులు కట్టుకున్నారు. మనిషి కూర్చున్న బెంచీని ఎలా లేపుతామని వాళ్ల వాదన. మేడం కామారెడ్డికి ఫోన్ చేశారు. కామారెడ్డి వాళ్లు హైదరాబాద్‌కు చేశారు. సార్ మీటింగ్‌లో ఉన్నారని తెలిసింది. తదుపరి ఆదేశాల వరకు యథాతథ స్థితి కొనసాగించాలని, కండువాకు ఎలాంటి అపచారం జరగకుండా చూడాలని డేవిడ్‌కు డ్యూటీ వేశారు. అతను నా దుకాణంలోని స్టూలు అడిగి తీసుకుని బెంచీ పక్కన వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే సాలవ్వ పొయ్యి ఎత్తుకుని వచ్చింది. "సభ అయిపాయె గద. నా జాగల నేను పెట్టుకుంట."

"వద్దవ్వా" అన్నాడు డేవిడ్. "కండువకు పొగ తాకితే ఎవలు జవాబు చెప్పాలె?"

"దూరంగ పెట్టుకుంట తీ."

"గాలి మన మాట ఇంటదా అవ్వా?"

ఆమె పొయ్యి ఎత్తుకుని మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయింది. ఆ రోజు నుంచి డేవిడ్ మధ్యాహ్నం ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఆమె దగ్గర తినడానికి ముఖం చెల్లలేదని తర్వాత నాతో అన్నాడు.

పెద్దవాళ్ల కండువా ఊరికే పడదు. రాజ్‌కుమార్ అన్న ఎల్లారెడ్డి సీటు మీద కండువా వేసిండని హోటళ్లలో మాట పుట్టింది. వాళ్లు అన్నది బెంచీ గురించే. కానీ ఆ మాట కామారెడ్డి చేరేసరికి బెంచీ జారిపోయి, ఎల్లారెడ్డి సీటు ఒక్కటే మిగిలింది. అదే పార్టీలో యువనేత జీవన్ ఉన్నారు. ఆ సీటు తనదేనని ఆయన ఎప్పటి నుంచో అనుకుంటున్నారు. బతుకమ్మ పండుగ మూడో నాడు డప్పులతో ఊరేగింపుగా వచ్చి, బెంచీకి ఒక చివర తన కండువా వేసి, దణ్ణం పెట్టి వెళ్లారు. ఆ ఊరేగింపు ఫ్లెక్సీ కూడా నేనే వేశాను. రాజ్‌కుమార్ గారి ఫొటో ఎంత సైజులో ఉండాలని అడిగితే, "ఉండాలె, కని కనవడొద్దు" అన్నారు.

ఇక రెండో చివర ఖాళీగా ఉంది. అక్కడ మూడో కండువా పడితే శాంతిభద్రతల సమస్య వస్తుందని మేడం భయపడ్డారు. ఆ భాగం మీద బస్సులో రాసినట్టు 'స్త్రీలకు' అని పెయింట్ వేయించారు. ఆ సాయంత్రమే సాలవ్వ వచ్చి దాని ముందు నిలబడింది.

"నేను ఆడిదాన్నే గద కొడుకా. జర కూసుంట. పొద్దటి సంది నిలవడే ఉన్న."

డేవిడ్ చాలా ఇబ్బంది పడ్డాడు. "స్త్రీలకు అన్నరు నిజమే అవ్వా. కని ఏ స్త్రీకి అన్నది పైకెళ్లి ఇంక రాలే."

సాలవ్వ నా వైపు చూసింది. నేను కంప్యూటర్ వైపు చూశాను.

నెల తిరిగేసరికి మేడం నివేదిక పంపారు. పార్క్‌లెట్‌లోని బెంచీ ప్రారంభమైన క్షణం నుంచి ఒక్క నిమిషం కూడా ఖాళీగా లేదని, వందకు వంద శాతం వినియోగంలో ఉందని రాశారు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. మండలి వాళ్లు కామారెడ్డిలో ఫంక్షన్ హాలు తీసుకుని ఎల్లారెడ్డి పార్క్‌లెట్‌కు రాష్ట్ర స్థాయి షీల్డు ఇచ్చారు. రాజ్‌కుమార్ గారు షీల్డు అందుకుంటూ ఆ విదేశీ అవ్వ ఫొటోను తెర మీద చూపించి, "గిసొంటి నవ్వు మా ఎల్లారెడ్డిల పూసింది" అన్నారు. హాల్లో చాలామంది ఆ అవ్వది ఎల్లారెడ్డే అనుకున్నారు.

అప్పటికి ఎల్లారెడ్డిలో పోచన్న బాపు బస్సు కోసం గోడకు ఆనుకుని నిలబడుతున్నాడు. దస్తీ వేసేవాళ్లు లేక సీటు దొరకడం లేదు. ఒకసారి పోచారం దాకా నిలబడే పోయి కళ్లు తిరిగి పడ్డాడట. మరుసటి వారం చెప్పుకుని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బాపు కోసం నా దుకాణంలో కుర్చీ వేశాను. కానీ అక్కడ నుంచి లేచి బయటికి వచ్చేలోపు బస్సు వెళ్లిపోయేది.

వానలు పడ్డాయి, ఎండలు కాశాయి. రాజ్‌కుమార్ గారి కండువా రంగు వెలిసి, ఏ పార్టీదో చెప్పలేని స్థితికి వచ్చింది. డేవిడ్ రోజూ పొద్దున దాన్ని ఎత్తకుండానే దుమ్ము దులిపేవాడు. ఆ నైపుణ్యం ఈ జిల్లాలో ఇంకొకరికి లేదు.

చలికాలం మధ్యలో ఒక శుభవార్త వచ్చింది. రాజ్‌కుమార్ గారి అంతరాత్మ ప్రబోధించడంతో ఆయన పార్టీ మారారు. ఆయన జాగాలో జీవన్ గారు కన్వీనర్ అయ్యారు. కన్వీనర్ అయిన రోజే మనిషిని పంపి బెంచీ మీది తన కండువా తెప్పించుకున్నారు. సీటు దొరికినవాడు దస్తీ తీసుకోవడం ధర్మమే. మధ్యలో ఉన్న రాజ్‌కుమార్ గారి కండువా సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు. చివరికి డేవిడ్ ధైర్యం చేసి, మా అందరి ముందు ఫోన్ స్పీకర్‌లో పెట్టి రాజ్‌కుమార్ గారికి చేశాడు.

"సార్, ఎల్లారెడ్డిల మీ కండువ..."

"ఏ కండువ?"

"బెంచీ మీద పెట్టిండ్రు సార్. నేను కావలి ఉన్న."

"నాది కాదు. గా పార్టీ కండువ నేను ఎన్నడన్న ఏసుకున్ననా? ఎవలో కావాల్నని పెట్టిండ్రు. నా మీద కుట్ర జరుగుతున్నది."

ఫోన్ కట్ అయింది. డేవిడ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత స్టూలు ఎత్తి నా దుకాణంలో పెట్టేసి, గ్లాసెడు నీళ్లు తాగాడు. బయట పోచన్న బాపు కండువాను జాగ్రత్తగా ఒక పక్కకు జరిపి బెంచీ మీద కూర్చున్నాడు. అమ్మయ్య అని ఆయన అన్న మాట రోడ్డు ఇవతలికి వినిపించింది.

సాలవ్వ పొయ్యి వచ్చింది. కుండ వచ్చింది. బెంచీ ఉంది కాబట్టి మొద్దులు అవసరం పడలేదు. ఆ కండువాను రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికి రొట్టెలు చుట్టడానికి వాడుకుంది. "పట్టు కలిసిన బట్ట బిడ్డా, రొట్టె రేపటిదాంక మెత్తగ ఉంటది" అని నాకూ చూపించింది. డేవిడ్ మళ్లీ ఆమె దగ్గరే తింటున్నాడు. మొదటి రోజు ఆమె అతనికి రొట్టె పెట్టి, "కండువకు పొగ తాకుతున్నది కొడుకా, ఎవలు జవాబు చెప్తరో ఏమో!" అంది. బెంచీ అంతా పగలబడి నవ్వారు. సాలవ్వ కూడా నోరంతా తెరిచి నవ్వింది. రాజ్‌కుమార్ గారి ఫోనులోని అవ్వ నవ్వు సరిగ్గా అలాగే ఉండేది. ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు కాబట్టి నేను ఫొటో తీయలేదు.

ఇలా కొంతకాలం గడిచింది. తర్వాత కొత్త పార్టీ తరఫున రాజ్‌కుమార్ గారు ఎల్లారెడ్డికి విచ్చేశారు. కొత్త కండువా, కొత్త ఫ్లెక్సీ. పాత ఫొటోయే వాడాను, మెడ దగ్గర రంగు మార్చాను. బస్టాండు ముందే సభ పెట్టారు.

"వాళ్లు ప్రజలను కూసోవెట్టిండ్రు!" అని గర్జించారు. "మనం నిలవెడ్తం!"

అప్పటికే నిలబడి ఉన్న జనం చప్పట్లు కొట్టారు.

సభ ముగిశాక ఆయనకు ఆకలైంది. రొట్టె కాలిన వాసన తగిలినట్టుంది, నేరుగా సాలవ్వ జాగకు వచ్చారు. బెంచీ మీద ఉన్నవాళ్లు లేచారు. ఆయన మధ్యలో కూర్చున్నారు. సాలవ్వ వేడి రొట్టె పెట్టి, పచ్చిమిరపకాయల తొక్కు వేసింది. ఆయన రెండు తిన్నారు, మూడోది అడిగి తిన్నారు.

"అమృతం లెక్క ఉన్నదవ్వా. గిసొంటి రొట్టె నేను హైదరాబాద్‌ల తినలే."

ఆమె చాలా రోజులుగా అడగాలనుకుంటున్నది అప్పుడే అడిగింది. "సారూ, గీ జాగ నాకే ఉండనిస్తరా? మల్ల లేపరు గద?"

"నేనుండంగ నిన్ను లేపెటోడు ఎవడవ్వా?" అన్నారాయన. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. తొక్కు కారంగా ఉంది.

చేతులు తుడుచుకోవడానికి అటూ ఇటూ చూశారు. కొత్త కండువా మడత నలగనివ్వలేదు. పక్కనే రొట్టెల గిన్నె మీద కప్పిన గుడ్డ, అది తన పాత కండువానేనని గుర్తుపట్టకుండా, తీసి, చేతులు తుడుచుకుని, మూతి తుడుచుకుని, దాన్ని బెంచీ మీద పెట్టి ఫొటోకు లేచారు. అంతలో ఫోన్ మోగింది. "అన్న పిలుస్తుండు" అంటూ కారు వైపు నడిచారు. ఈసారి అన్న వేరే అన్న.

డేవిడ్ కారు వెంట పరుగెత్తాడు. "సార్! సార్! బెంచీ మీద గుడ్డ..."

రాజ్‌కుమార్ గారు అద్దం దించి, వెనక్కి చూడకుండా చేయి ఊపారు. "ఉండనీయ్! మల్ల వస్త గద!"

కార్లు వెళ్లిపోయాయి. నాగిరెడ్డిపేట బస్సు రావడానికి ఇంకా టైముంది. పోచన్న బాపు కూర్చోబోయి, ఆ గుడ్డను చూసి, మళ్లీ గోడ దగ్గరికి పోయాడు. సాలవ్వ బెంచీ మీది గుడ్డను చూసింది. తర్వాత చెంబుతో నీళ్లు తెచ్చి పొయ్యిలో పోసింది.

డేవిడ్ నా దుకాణంలోకి వచ్చాడు. నా ముఖం చూడలేదు. స్టూలు తీసుకుని వెళ్లాడు.